తక్కువ ధరలో మంచి షేవింగ్ బ్రష్

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పొద్దుటి షిఫ్ట్ అంటే తెల్లవారకముందే గడ్డం గీసుకోవాలి. నురగ త్వరగా రావాలి. బ్రష్ మర్నాటికల్లా ఆరాలి. దానికి ఖరీదైన బ్రష్ అక్కర్లేదు. మెత్తటి నైలాన్ కుచ్చున్నదైనా చాలు.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి? మూడే మూడు. ఒకటి, కుచ్చును వేళ్లతో మెల్లగా లాగండి. వెంట్రుకలు ఊడి చేతికొస్తే వద్దు. రెండు, అరచేతిలో నొక్కి వదలండి. గుచ్చుకోకూడదు, మళ్లీ నిటారుగా లేవాలి. మూడు, పిడి. తడి చేతిలో జారకూడదు.

పంది వెంట్రుకల బ్రష్ కూడా చవకే. కాకపోతే వాడేముందు కాసేపు నీళ్లలో నానబెట్టాలి. ముంగిస వెంట్రుకలదని చెబితే మాత్రం ముట్టుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాని అమ్మకం నేరం.

సున్నం ఎక్కువున్న బోరు నీళ్లకు నురగ సరిగా రాదు. అది బ్రష్ తప్పు కాదు. క్రీమ్ కాస్త ఎక్కువ వేసుకోండి. పనయ్యాక సబ్బు పోయేదాకా కడిగి, విదిలించి, గాలి తగిలేచోట పెట్టండి.

మళ్లీ చెబుతున్నా. వెంట్రుక ఊడకూడదు, కుచ్చు గుచ్చుకోకూడదు, పిడి జారకూడదు. ఈ మూడూ సరిగా ఉంటే ధర తక్కువైనా బ్రష్ మంచిదే.