‘వేడి చేసింది’ అన్న మాట వెనుక



కోయంబత్తూరు, మదురై ప్రాంతాల పాత తెలుగు వీధుల్లో మనకు రెండు భాషలున్నాయి. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. నాయకరాజుల కాలం నుంచి ఇన్ని తరాలుగా ఇంటి మాటను నిలుపుకున్నాం. కాని ఒక్క విషయం దగ్గర మన ఆడవాళ్ళకు ఏ భాషా నోట రాదు. ఒంటికి పోయేటప్పుడు మంటగా ఉంటే, పదే పదే వెళ్ళవలసి వస్తే, దగ్గితే చీర తడిస్తే, అన్నిటికీ ఒకటే మాట: ‘వేడి చేసింది.’ డాక్టరు దగ్గర దాన్నే తమిళం చేసి ‘సూడు’ అంటారు. ఇంకొంచెం ధైర్యం ఉంటే ‘నీర్కడుప్పు’ అంటారు. అవి మూడు వేరు వేరు బాధలు. వాటి వైద్యాలూ వేరు.

ముందు మంట సంగతి. మగవారిలో మూత్రనాళం సుమారు 20 సెంటీమీటర్ల పొడవు ఉంటే, ఆడవారిలో దాదాపు 4 సెంటీమీటర్లే. పైగా అది మలద్వారానికి దగ్గర. పేగుల్లో ఉండే ‘ఇ. కోలై’ అనే సూక్ష్మజీవి ఆ కొద్ది దూరం దాటి మూత్రాశయానికి చేరడం కష్టమేమీ కాదు. ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం దాని పనే. ఆడవాళ్ళలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. కనుక ఇందులో సిగ్గుపడవలసింది గాని, నడవడికను శంకించవలసింది గాని ఏమీ లేదు. ఈ మాట అత్తగార్లు కూడా వినాలని నా కోరిక. కడుక్కునేటప్పుడు చేయి ముందు నుంచి వెనక్కి పోవాలని ఆడపిల్లలకు చిన్ననాడే నేర్పండి.

మన అవ్వలు బార్లీ నీళ్ళు, మజ్జిగ, లేత కొబ్బరి నీళ్ళు ఇస్తారు. మంచిదే, నీరు బాగా తాగితే మేలు. కాలి బొటనవేలికి సున్నం రాస్తారు. ఆ సున్నాన్ని తాంబూలానికే ఉంచుకోండి, అది సూక్ష్మజీవిని చంపదు. చలి జ్వరం, నడుము పక్కల నొప్పి, వాంతులు వచ్చాయంటే జబ్బు మూత్రపిండాల దాకా పోయిందని అనుమానించి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భవతులు ఏ బాధా లేకపోయినా మూత్రపరీక్ష చేయించుకోవాలి. వాళ్ళలో మంట లేకుండానే ఇన్ఫెక్షన్ ఉండవచ్చు, అది కాన్పు నెలలు నిండక ముందే రావడానికి కారణం కావచ్చు.

ఇంకొక అలవాటు ఉంది. పక్కింటి వదినకు నయమైన మాత్రలు మనమూ కొని రెండు రోజులు మింగి ఆపేయడం. సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా తయారవడానికి ఇలాంటి వాడకమూ ఒక కారణం. మళ్ళీ మళ్ళీ వస్తుంటే మూత్రం కల్చర్ పరీక్షకు ఇచ్చి, ఏ మందుకు లొంగుతుందో తెలుసుకుని వాడాలి. పరీక్షకు మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టి ఇవ్వండి.

ఇక రెండోది, ఎవరూ చెప్పుకోనిది. దగ్గినా, నవ్వినా, బిందె ఎత్తినా నాలుగు చుక్కలు జారిపోవడం. కాన్పుల వల్ల, వయసు వల్ల మూత్రాశయాన్ని మోసే కండరాలు సడలి ఇలా జరుగుతుంది. పెళ్ళిళ్ళకు, గుడికి వెళ్ళడం మానుకున్న పెద్దవాళ్ళను నేనెరుగుదును. అడిగితే మోకాళ్ళ నొప్పులంటారు. ‘నలుగురు పిల్లల్ని కన్నాక ఇంతేనమ్మా’ అని సరిపెట్టుకోనక్కరలేదు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా వైద్యుడు 1948లోనే దీనికి ఒక వ్యాయామం గురించి రాశారు. అపానవాయువును ఆపుకునేటప్పుడు ఏ కండరాలను బిగిస్తామో వాటినే బిగించి, కొన్ని సెకండ్లు ఉంచి, అంతసేపూ వదలాలి. పూటకు ఎనిమిది, పది సార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగపట్టకూడదు. కూర్చుని బియ్యం ఏరుతూ కూడా చేయవచ్చు, పక్కవారికి తెలియదు. మూడు నెలలు విడవకుండా చేస్తేగాని ఫలితం చెప్పలేం.

మూడోది ఆపుకోలేనంత తొందర. పోవాలనిపించాక గది చేరేలోపే అయిపోవడం. దీనికి కాఫీ తగ్గించాలి. కోయంబత్తూరులో ఈ మాట అంటే నన్ను వెలివేస్తారేమో! వెళ్ళే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం కూడా ఒక శిక్షణ. రాత్రి నాలుగైదు సార్లు లేస్తుంటే చక్కెర పరీక్ష చేయించండి.

అసలు నీళ్ళే తాగని వాళ్ళ మాట ఏమిటి? మా తరగతిలో ఆడపిల్లల నీళ్ళ సీసాలు సాయంత్రానికీ నిండుగానే ఉంటాయి. మరుగుదొడ్డికి తలుపు గొళ్ళెం లేకపోతే పిల్ల నీళ్ళు తాగదు. అన్ని బడుల్లో మరుగుదొడ్లు ఉండాలని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించింది. మిల్లుల్లో ఆడవారికి వేరుగా ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. బట్టల కొట్లలో రోజంతా నిలబడే అమ్మాయిలకు కూర్చునే హక్కు తమిళనాడులో 2021లో వచ్చింది. ఒంటికి పోవడానికి పది నిమిషాలు అడగాలంటే మాత్రం ఇప్పటికీ చాలామందికి జంకే. తెల్లవారకముందే ఈ నగరాల వీధులు ఊడ్చే అక్కచెల్లెళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. ఊరి మరుగుదొడ్లు కడిగే మనిషికి, పని మధ్యలో తాను వెళ్ళడానికి చోటు ఎక్కడుందని ఏ వార్డు సభ్యుణ్ణయినా అడిగి చూడండి.

చివరగా డాక్టరు దగ్గర చెప్పవలసిన మాటలు కొన్ని, తమిళంలో. మంటకు ‘ఎరిచ్చల్’. మాటిమాటికీ పోవలసి వస్తుంటే ‘అడిక్కడి’. ఆపుకోలేకపోతే ‘అడక్క ముడియలై’. దగ్గితే జారిపోతుంటే ‘ఇరుమినా కసియుదు’. మూత్రంలో నెత్తురు కనిపిస్తే ‘రత్తం’ అని చెప్పండి. అది ఒక్కసారే కనిపించినా, నొప్పి లేకపోయినా సరే, ఆ మాట ముందు చెప్పండి, మిగతావి తరువాత.