మెట్ల మీద ఆ ఆదివారం

(ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

సెలవు రోజున కూడా బ్యాంకు పేరుతోనే బయటికి రావలసి వచ్చిన కుటుంబ సభ్యులకు నమస్కారం. నన్ను ‘కష్టకాలంలో ధైర్యం’ గురించి మాట్లాడమన్నారు. ధైర్యం గురించి చెప్పేంత అర్హత నాకు లేదు. బాగా భయపడ్డ ఒక రోజు గురించి మాత్రం చెప్పగలను.

2014 అక్టోబర్ 12, ఆదివారం. విశాఖ వాళ్లకి తారీఖు చెబితే చాలు, హుద్‌హుద్ తుపాను.

ఆ ఏడాది జూన్‌లోనే నాకు విశాఖ ట్రాన్స్‌ఫర్ అయింది. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందని అద్దె ఎక్కువైనా నాలుగో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నాం. పొద్దున్న ఎనిమిదిన్నరకి వెళితే రాత్రి తొమ్మిదికి రావడం. ఆగస్టు 28న జన్‌ధన్ పథకం మొదలయ్యాక అదీ లేదు. నాలుగు నెలల్లో ఆ అపార్ట్‌మెంట్‌లో నాకు పేరుతో తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.

ఆదివారం తెల్లారేసరికే కరెంటు పోయింది. తర్వాత ఫోన్లు కూడా మూగబోయాయి. గాలి హోరు రైలింజను పక్కన నిలబడ్డట్టుంది. హాల్లో కిటికీ అద్దం ఒక్కసారిగా పగిలి లోపలికి పడింది. మా ఆవిడ ఆరేళ్ల బాబుని ఎత్తుకుంది. నేను స్ట్రాంగ్‌రూమ్ తాళాలు పట్టుకున్నాను. నవ్వకండి, జాయింట్ కస్టోడియన్ల ఇళ్లలో ఈ బాధ అందరికీ తెలిసిందే. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ పదిమందిలో ఈ సంగతి చెబుతూనే ఉంటుంది.

కిటికీలు లేని చోటు మెట్ల దగ్గరే. మేం దిగేసరికి ఒకటో అంతస్తు మెట్ల మీద పద్నాలుగు మంది ఉన్నారు. రిటైరైన టీచరమ్మ, నెలల పాపతో ఒక హిందీ అమ్మాయి, డిగ్రీ కుర్రాళ్లు ముగ్గురు, వాచ్‌మన్ కుటుంబం, ఇంకో రెండు కుటుంబాలు, పాల ప్యాకెట్లు వెయ్యడానికొచ్చి ఇరుక్కుపోయిన అబ్బాయి. హిందీ అమ్మాయి భర్త నేవీలో పని చేస్తాడు, ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. ఆ పిల్లకి ఒళ్లంతా వణుకు. టీచరమ్మకి హిందీ రాదు. అయినా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తెలుగులోనే ఏదో చెబుతూ పోయింది, ఆ పిల్ల హిందీలో జవాబు చెబుతూ పోయింది. పాప ఏడిస్తే ఆడవాళ్లు దుప్పటి అడ్డం పట్టి తల్లికి చాటు కల్పించారు. మాటలు కలవకపోయినా ఏ పనీ ఆగలేదు.

ఇంతలో పైన టెర్రస్ తలుపు గడియ ఊడిపోయింది. కుర్రాళ్లు, నేను పైకి పరిగెత్తి భుజాలు ఆనించాం. చివరికి టీచరమ్మ ఇచ్చిన నేతచీరని తాడులా పేని, రెయిలింగుకి కట్టి, వంతులవారీగా పట్టుకున్నాం. ఎంబీఏలో టీమ్ వర్క్ గురించి పరీక్ష రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ తలుపు దగ్గర మాత్రం “సార్, మీరు కాస్త పక్కకి జరగండి, పట్టు దొరకడం లేదు” అన్నాడో కుర్రాడు. జరిగాను.

మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. ఆకు కదలడం లేదు. హమ్మయ్య అనుకుని, బాదం చెట్టు కింద ఉన్న కారుని పక్కకి తీద్దామని కిందకి దిగాను. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“అయిపోనేదు బాబూ. సగమే అయింది. ఇప్పుడు అటేపు నుంచి వస్తాది. ఎల్లకండి.”

“రెండు నిమిషాలే” అన్నాను, బ్రాంచిలో మాట్లాడే గొంతుతో. అతను చెయ్యి తియ్యలేదు. “మా అయ్య వేటకెల్లేవోడండి. ఇది నాకు తెలుసండి” అన్నాడు.

తుపాను కన్ను మా మీదుగా పోతున్న సమయం అది. కన్ను దాటాక గాలి దిక్కు మార్చి కొడుతుంది. కొట్టింది. అంతవరకు చెక్కుచెదరని వంటింటి వైపు కిటికీలు ఈసారి పోయాయి. బాదం చెట్టు ప్రహరీ మీద కూలింది. కారుకి గీత కూడా పడలేదు కానీ, దాని తలుపు తియ్యడానికి నేను నిలబడాల్సిన చోట మాను అడ్డంగా పడి ఉంది.

చీకటి పడ్డాక కొవ్వొత్తి చుట్టూ కూర్చున్నాం. వాచ్‌మన్ భార్య అందరికీ గంజన్నం పెట్టింది. అప్పుడడిగాను అతన్ని, నీ పేరేమిటని. నాలుగు నెలల తర్వాత.

“ఫారంలో రాశాను కదండీ” అన్నాడు.

సెప్టెంబర్లో జన్‌ధన్ ఖాతా కోసం మా బ్రాంచికే వచ్చాడట. చిరునామా రుజువు ఊరిదని, ఇక్కడిది తెమ్మని తలెత్తకుండానే ఫారం వెనక్కిచ్చింది నేనే. సరైన కాగితాలు లేనివాళ్లకి ఫొటో, సంతకం లేదా వేలిముద్రతో చిన్న ఖాతా తెరవచ్చు. ఆ సర్క్యులర్ నాకు తెలుసు. ఆ రోజు క్యూ పెద్దది, అంతే. మరి ఇంటి దగ్గరైనా అడగలేదేం అంటే, “మీకు ఇబ్బందని ఊరుకున్నానండి” అన్నాడు. ఆ రోజు గాలికి పడ్డ భయం మర్నాటికి తగ్గింది. ఈ మాట తగ్గలేదు.

సోమవారం బ్రాంచికి నడిచే వెళ్లాను. దారి పొడుగునా చెట్లే. కొమ్మలు నరుకుతూ ముందు నడిచింది అతనే. కైలాసగిరి మీద పచ్చదనం లేదు, కాల్చినట్టు గోధుమ రంగు. కరెంటు, లింకు వచ్చేదాకా బ్రాంచిలో మనం పడే అవస్థ మీకు తెలియనిది కాదు కాబట్టి వదిలేస్తున్నాను. ఊరంతా ఎండిన చెట్లు పడి ఉండడంతో ఆ దీపావళికి మా పిల్లలు టపాసులు కాల్చలేదు, మెట్లెక్కడి నుంచి ఎక్కడిదాకా అంటే అక్కడిదాకా ప్రమిదలు పెట్టారు.

ఆ పద్నాలుగు మందీ ఇప్పటికీ ఒక్క కుటుంబంలా ఉన్నామని చెబితే మీకు బాగుండేది. అలా జరగలేదు. నేవీ వాళ్లకి బదిలీ అయింది, కుర్రాళ్లు ఎటెళ్లారో తెలియదు, మూడేళ్లకి నేనూ వచ్చేశాను. టీచరమ్మతో మాత్రం మా ఆవిడ ఫోన్లో మాట్లాడుతూ ఉంటుంది.

లింకు వచ్చిన రోజే అతని ఖాతా తెరిచాను. ఫారం నేనే నింపాను. వృత్తి అన్న చోట వాచ్‌మన్ అని రాస్తుంటే ఆపాడు. “వేట అని కూడా రాయండి బాబూ” అన్నాడు. రెండూ రాశాను.

టీ చల్లారుతోందని సైగ చేస్తున్నారు. సెలవు.