చీకటిలో ఎలుక నడక

హైదరాబాదు నుండి జడ్చర్ల మీదుగా బెంగుళూరునకు పోవు రాజమార్గమున రాత్రివేళ లారీల వరుస తెగదు. ఆ లారీ నడుపువారిలో నొకనికి జలుబు చేసి, దారిలో మందుల దుకాణమున ఒక మాత్ర కొని మ్రింగినాడనుకొనుడు. ముక్కు కారుట మానును. కాని అది క్లోర్‌ఫెనిరమైన్ జాతిది యైనచో కనులు మూతలు పడును. ఒక మందు నిద్దుర తెచ్చునా తేదా యను ప్రశ్న ఎంతటి ప్రాణప్రశ్నయో మా ఊరివారికి వేఱుగ చెప్పనక్కరలేదు. క్రొత్త మందు విషయమున ఆ ప్రశ్నకు మనుష్యునికంటె ముందు జవాబు చెప్పవలసినది ఎలుక. నోరులేని ఆ జంతువు చెప్పినదానిని మనమెట్లు తెలిసికొందుము? నేడు నేను మాటలాడదలచిన విషయమిదియే.

మా ఊరి చెంతనే పోలేపల్లి కలదు. అక్కడి పొలములు ప్రత్యేక ఆర్థిక మండలముగా మాఱి, వానిలో మందుల కర్మాగారములు వెలసినవి. ఆ భూముల కథ వేఱు. రైతులు పడిన బాధ ఒక ప్రసంగములో నిముడదు. నాకిప్పుడు కావలసినది మాత్ర వచ్చిన త్రోవ. 2000 సంవత్సరమున ఏర్పడిన అంతర్జాతీయ సూత్రములు, క్రొత్త మందు గుండెను, శ్వాసను, నాడీమండలమును ఏమి చేయునో ముందుగా చూడవలెనని విధించినవి. నాడీమండల పరీక్షలో మొదట చూడవలసినది జంతువు కదలిక.

కదలికను చూచుట సులభమని తోచును. సులభము కాదు. ఎలుక రాత్రించరము. మన ఇండ్లలో దీపమార్పిన తరువాత గాని అది అటుక దిగదు. బాదేపల్లి మార్కెట్టులో పల్లికాయ బస్తాలను కొఱుకునదియు అప్పుడే. ప్రయోగశాలలోని తెల్ల ఎలుక స్వభావమును అదియే. పరీక్షకుడు మాత్రము ఉదయము పది గంటలకు వచ్చి సాయంకాలము ఇంటికి పోవును. నిదురించు ఎలుకకు మందిచ్చి, అది నిదురించినదని వ్రాసికొనిన నేమి తెలిసినట్లు? పోనీ, రాత్రి వచ్చి దీపము వెలిగించి చూచెదనన్నచో ఆ వెలుతురే దాని లోపలి గడియారమును చెఱచును. మనిషి అలికిడి విన్నంతనే అది బిగుసుకొని కూర్చుండును.

అమెరికాలో స్టూవర్టు అను శాస్త్రజ్ఞుడు 1898లోనే ఎలుకలను తిరుగు చక్రములలో నుంచి, చక్రము ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించెను. తెలివైన యుపాయమే. అయితే చక్రము ఎలుకకు వినోదము. అది యున్నచో మఱింత పరుగెత్తును. కొలత సాధనమే కొలవవలసిన దానిని మార్చివేసినది.

ఎలుక కనులకు తెలియని వెలుతురు ఒకటి కావలసియుండెను. అట్టిది కలదని 1800లో విలియం హెర్షెలు కనుగొనియుండెను. ఆయన సూర్యకాంతిని పట్టకముచే విడదీసి, ఒక్కొక్క రంగునందును ఉష్ణమాపకము నుంచి చూచెను. ఎఱుపునకు ఆవల, కంటికేమియు కానరాని చోట, పాదరసము మఱింత పైకెక్కెను. ఇదియే పరారుణము.

దీనిని వాడుటకు రెండు మార్గములున్నవి. మొదటిది పంజరమున కీ ప్రక్క నుండి ఆ ప్రక్కకు సన్నని పరారుణ కిరణములను పంపి, ఎలుక అడ్డము వచ్చినప్పుడెల్ల ఒక అంకె వేసికొనుట. ఈ కిరణము 940 నానోమీటర్లది యైనచో ఎలుకకు అది కటిక చీకటియే. రెండవ దానియందు మనము కిరణమును పంపనక్కరయే లేదు. ఎలుక శరీరమే దానిని వెదజల్లుచుండును. మనిషి వచ్చిన తోడనే వసారాలో తనంత వెలుగు దీపములను మీరు చూచియుందురు. వానిలోని స్ఫటికమే ఇక్కడను. వేడి మాఱినప్పుడు దానిపై కొలదిపాటి విద్యుత్తు పుట్టును. రెండు ముక్కలను ఎదురెదురు గుణములతో కలిపి యుంచుటచే గది యంతయు ఒక్కమాఱు వేడెక్కినను అవి పరస్పరము రద్దగును. వెచ్చని దేహము ఒకదాని ఎదుటి నుండి రెండవదాని ఎదుటికి జరిగినచో మాత్రము సంకేతము వచ్చును. నిద్రించు ఎలుక దానికి లేనట్లే. ఈ లోపమునే ఆక్స్‌ఫర్డు పరిశోధకులు 2016లో లాభముగ మార్చుకొనిరి. చిట్టెలుక 40 సెకండ్లు కదలకున్నచో నిద్రించినట్లు ఎంచవచ్చునని, మెదడు విద్యుత్తు కొలతలతో పోల్చి చూపిరి. తలకు తీగలు తగిలించు శస్త్రచికిత్స లేకయే నిద్రను కొలచుట సామాన్యమైన మేలు కాదు.

ఇక చిక్కులు. గాజుగాని, పంజరములు చేయు పాలికార్బొనేటుగాని దేహపు వేడి కిరణమును సాగనీయవు. కనుక స్ఫటికము పైనున్న తీగల మూత గుండా చూడవలెను. చల్లని గదిలో ఎలుక చక్కగా కనబడును. మన పాలమూరి ఎండకాలమున విద్యుత్తు పోయి గది వేడెక్కినచో, ఎలుక వేడికిని గది వేడికిని భేదము తగ్గి యంత్రము సగము గ్రుడ్డిదగును. అప్పటి తక్కువ అంకెను చూచి మందు మత్తు కలిగించినదని వ్రాయువాడు మోసపోవును. అందుచే గది ఉష్ణోగ్రతను ప్రక్కనే వ్రాయవలెను. పంజరమున రెండు ఎలుకలున్నచో ఏది కదలినదో ఈ స్ఫటికము చెప్పలేదు. ఒంటరిగ నుంచినచో ఎలుక దిగులుపడును, ఏలయన అది జట్టుగా బ్రదుకు జంతువు. ఈ చిక్కునకు పూర్తి పరిష్కారము నాకు కనబడలేదు.

మన రాష్ట్రమున ఎలుకలకు పేరుపడిన చోటు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. అది 1918లో కూనూరున చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో ఇప్పటి పేరు పొందినది. 1996లో అక్కడి విస్టారు జాతి ఎలుకలలో సహజముగనే అతిస్థూలమైన వంశ మొకటి బయలుపడెను. అవి విపరీతముగ తిని, కిలోకు మించి బరువెక్కును. అట్టి జంతువు లావగుట తిండి యెక్కువయగుట వలననా, కదలిక తక్కువయగుట వలననా? తిండిని త్రాసు చెప్పును. కదలిక చెప్పుటకు రాత్రియంతయు మేలుకొనియుండు సాక్షి కావలయును.

జంతు హింసను నివారించు శాసనము మనకు 1960లో వచ్చినది. అంతకు ముందు సంవత్సరమే రస్సెలు, బర్చి యను ఇరువురు ఆంగ్ల శాస్త్రజ్ఞులు జంతువులకు బదులు వెదకుడు, సంఖ్య తగ్గింపుడు, బాధ తగ్గింపుడు అని వ్రాసిరి. పరారుణ యంత్రము చివరి రెండింటికిని పనికివచ్చును. ఒకే ఎలుకను మందునకు ముందు పది రాత్రులు, తరువాత పది రాత్రులు లెక్కించినచో అది తనతో తానే పోల్చబడును; పోలికకు వేఱొక గుంపు అంతగా అక్కరలేదు. పగలు మనయెదుట బాధను దాచుకొను ఎలుక రాత్రి నడక మానినచో, ఉదయము పంజరము తెఱచువానికి ఆ సంగతి ముందే తెలియును.

జడ్చర్ల కళాశాల విద్యార్థులకు నాదొక సూచన. ఈ స్ఫటికము వెల స్వల్పము. ఎలుకలను బంధింపనక్కరలేదు, మీ వృక్షవనములో ఒక చెట్టుకు కట్టి ఉడుతల రాకపోకలను గంటగంటకు లెక్కింపుడు. తొండను అది సరిగా పట్టదు; దాని దేహము పరిసరముల వేడినే పొందియుండును. ఉడుతను పట్టును. నల్లమలలో అమ్రాబాదు అడవియందు పులులను లెక్కించుటకు చెట్లకు కట్టు కెమేరాలలో ఉన్నదియు ఈ స్ఫటికమే.