కుక్క చెవులు కోయవద్దు



మన పల్నాటిలో గొర్రెల మంద వెంట ఒక కుక్క ఉండడం మామూలు. పగలు మంద చెదరకుండా చూస్తుంది. రాత్రి నక్క, తోడేలు దరి చేరకుండా కాస్తుంది. జీతం అడగని పాలేరు అది. ఆ పాలేరుకు మనలో కొందరు తెలియక చేసే అపకారాన్ని గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పదలచాను.

"చెవులు కోస్తే కుక్కకు రోషం వస్తుంది, తోడేలుకు పట్టు దొరకదు" అంటారు. అలా అని పసి పిల్లను పట్టుకొని బ్లేడుతోనో, కొడవలితోనో చెవులు కోస్తారు. గాయానికి బూడిద అద్దుతారు.

గురజాల వైపు ఒక కాపరి ఇలాగే చేసి, నాలుగోనాడు పిల్లను గంపలో పెట్టుకొని వచ్చాడు. చెవుల నిండా పురుగులు. నేను పశువైద్యుడను కాను, వ్యవసాయ విస్తరణ ఉద్యోగిని. కనుక ఇద్దరం కలిసి పశువైద్యశాలకు వెళ్లాము. డాక్టరుగారు పురుగులు తీసి, కట్టు కట్టారు. పిల్ల బ్రతికింది. కాని ఒక చెవి రంధ్రం మచ్చకట్టి మూసుకుపోయింది. తరువాత కలిసినప్పుడు అతడన్నాడు: "అయ్యా, మందకు ఆ పక్క నుంచి నక్క వస్తే ఇది వినడం లేదు. కాపలా కోసమే కోశాను గదా!"

ఇందులోనే పాఠమంతా ఉన్నది. రోషం చెవిలో లేదు. మంచి తిండిలో, పసితనం నుంచి మందలో పెరిగిన అలవాటులో ఉన్నది. చెవి డొప్ప శబ్దం ఎటు నుంచి వచ్చిందో పట్టి ఇస్తుంది. దుమ్ము, వాన, పురుగు లోపలికి పోకుండా కాపాడుతుంది. కుక్క భయపడిందా, కోపగించిందా అన్నది కూడా చెవులను చూచియే మనం తెలిసికొంటాము.

పట్నాలలో డాబర్‌మన్ వంటి జాతులకు చెవులు నిలబడాలని మత్తు ఇచ్చి కత్తిరించి, వారాల తరబడి పట్టీలు వేయడం కద్దు. అదీ అందం కోసమే, కుక్క ఆరోగ్యానికి కాదు. ఐరోపాలో 1987 నాటి పెంపుడు జంతువుల ఒడంబడిక దీనిని కూడదన్నది. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం జంతువు అవయవాలను ఛేదించడాన్ని నేరంగా పేర్కొన్నది. పశువులకు కొమ్ములు తీయుట, విత్తులు కొట్టించుట, ముక్కుతాడు వంటివాటికి, నిర్ణీత పద్ధతిలో చేస్తే, మినహాయింపు ఇచ్చింది. కుక్క చెవులు ఆ జాబితాలో లేవు. వీధికుక్కలకు సంతాన నిరోధక ఆపరేషను చేసినప్పుడు చెవి కొన కొద్దిగా కత్తిరిస్తారు. అది మత్తులో ఉండగా, గుర్తు కోసం చేసేది. దానికీ దీనికీ పోలిక లేదు.

కోయకపోయినా, కుక్కలు కొట్లాడుకొన్నప్పుడో, ముళ్లకంచెలో చిక్కినప్పుడో చెవి చిరుగుతుంది. అప్పుడేం చేయాలి?

మొదట మూతికి మెత్తని గుడ్డ కట్టండి, నొప్పిలో యజమానినైనా కరుస్తుంది. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని పది నిమిషాలు అదిమి పట్టండి. మాటిమాటికి తీసి చూడరాదు. రక్తం ఆగిన తరువాత మూతిగుడ్డ విప్పి, కాచి చల్లార్చిన నీటితో కడగండి. బూడిద, సున్నం, కారం, కిరసనాయిలు, ఫినాయిలు ఏవీ వేయవద్దు. మనుషుల నొప్పి మాత్రలు ఇవ్వవద్దు, అవి కుక్కకు విషం కావచ్చును. అదే రోజు పశువైద్యశాలకు తీసుకొని పోండి.

కుట్లు వేస్తే సుమారు పది, పదునాలుగు రోజులు తడి తగలనివ్వకూడదు. కాలితో గీరుకోకుండా, పాత ప్లాస్టిక్ బక్కెట్టు అడుగు కోసి, అంచుకు గుడ్డ చుట్టి మెడకు తొడగండి. అన్నం, నీళ్లు అందేటట్లు చూడండి. ఈగలు వాలని చోట కట్టివేయండి. రోజూ రెండుసార్లు గాయం చూడండి. వాపు, దుర్వాసన, చీము కనిపిస్తే ఆలస్యం చేయకండి.

ఇంకొక్క మాట. చెవి చింపినది పిచ్చికుక్క అయి ఉండవచ్చును. కనుక ఆ సంగతి డాక్టరుగారికి చెప్పి, మీ కుక్కకు టీకా వేయించండి. గాయం కడిగినవారు చేతులు సబ్బుతో కడుగుకోవలెను. మనిషిని కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు ధారగా నీరు పోస్తూ సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. మూడు నెలల వయసు రాగానే పిల్లకు పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, తరువాత డాక్టరుగారు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించుతూ ఉండండి.

కోసిన చెవి తిరిగి మొలవదు. బ్లేడుకు పెట్టే ఖర్చు, శ్రమ టీకాకు పెట్టండి. మీ మంద కాపలా నిలుస్తుంది.