సర్వమునకు మూలమేది? – ప్రాచీన గ్రీకుల విచారణ



వరదరోజులలో కాలువనుండి తెచ్చిన బిందెడు నీరు రాత్రికి తేరినచో, తెల్లవారుసరికి అడుగున ఒండ్రు నిలుచును. గోదావరి లంకలును, రాయవరము వంటి గ్రామములున్న ఈ డెల్టా పొలములును అట్టి ఒండ్రు పేరుకొని ఏర్పడినవే. నీటినుండి మన్ను పుట్టుననుట ఇచ్చటివారికి వింతగా తోచదు.

నేటి టర్కీదేశపు పడమటితీరమున, మియాండరునది సముద్రమున కలియుచోట, మిలేటసు అను రేవుపట్టణముండెను. ఒండ్రు మేటవేసి మేటవేసి, నేడా శిథిలములు సముద్రమునకు కొన్ని కిలోమీటర్ల దూరమున పడియున్నవి. ఆ ఊరివాడైన థేలీసు క్రీ. పూ. 6వ శతాబ్దమున సర్వమునకు మూలము నీరనెను. ఆయన వ్రాత ఏదియు మిగులలేదు. ఆహారమునందును విత్తునందును తడి ఉండుట చూచి అట్లు తలచియుండునని అరిస్టాటిల్ ఊహించెను.

థేలీసు శిష్యుడని చెప్పబడు అనాక్సిమాండరు గురువుతో ఏకీభవింపలేదు. తడియే మూలమై అంతులేక యుండినచో, నిప్పు ఏనాడో ఆరిపోయి యుండవలదా? కావున మూలపదార్థము హద్దులేనిది, నీరుగాని నిప్పుగాని కానిది అనెను. పిమ్మట అనాక్సిమెనీసు ఈ ఇరువురినీ కాదని గాలిని నిలిపెను. గాలి పలుచనైనచో నిప్పు, చిక్కబడినచో మేఘము, నీరు, మన్ను, రాయి. అరచేతిపై నోరు తెరచి ఊదుడు, ఊపిరి వెచ్చన. పెదవులు బిగించి ఊదుడు, చల్లన. ఇదియే ఆయన చూపిన సాక్ష్యము. చల్లదనమునకు నిజమైన కారణము వేరు: వడిగా పోవు ఊపిరి చుట్టునున్న గాలిని తనలో కలుపుకొనును. పొరపాటే, కాని ఎవరింటనైనను పరీక్షింపదగిన పొరపాటు.

తరువాతి శతాబ్దమున ఎంపిడాక్లీసు నాలుగు భూతములనగా, డెమోక్రిటసు విభజింపరాని అణువులనెను. ఆంధ్రుడని ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహము చదివినవారికి ఇది పరిచితముగానే యుండును. అందును పృథివి, జలము, తేజస్సు, వాయువులకు నిత్యమైన పరమాణువులు కలవు. కాని డెమోక్రిటసు అణువునకు ఆకారమే గాని రుచియు రంగును లేవు. వైశేషికుల పరమాణువునకు గుణములును కలవు. పోలిక చూచి, ఒకరినుండి ఒకరు గ్రహించిరని తొందరపడరాదు.

థేలీసు నీటికి మాత్రము తీర్పు చాల ఆలస్యముగా వచ్చినది. నీరు మూలపదార్థము కాదనియు, రెండు వాయువుల కలయిక యనియు 1783లో పారిసునందు లవాయిజే ప్రకటించెను. అందొక వాయువునకు 1787లో పెట్టిన పేరు గ్రీకుమాటలతో కూర్చినదే: హైడ్రోజను, అనగా నీటిని పుట్టించునది.