గాలికి వెల కట్టిన సైకిళ్లు

1978 ఫిబ్రవరిలో హవాయి దీవులలో జరిగిన తొలి ఐరన్‌మ్యాన్ పందెమునకు బయలుదేరినవారు 15 మంది, గమ్యము చేరినవారు 12 మంది. ఈత, సైకిలు, పరుగు మూడును ఒక్కనాడే ముగించు ఆ ట్రయథ్లాన్ క్రీడకని ప్రత్యేకముగా చేసిన సైకిలు ఆనాడు లేనే లేదు. నేడు ఉన్నది, మేలిరకపు బండి వెల 10,000 డాలర్లను సునాయాసముగా మించుచున్నది.

ఈ వెలలో కొంత కార్బన్ చట్రమునకు, కొంత చక్రములకు, కొంత గేర్లకు పోవును. షిమానో సంస్థ 2021లో వెలువరించిన డ్యూరా-ఏస్, అల్టెగ్రా శ్రేణులలో తీగ లాగి గేరు మార్చు పద్ధతియే లేదు, విద్యుత్తే దిక్కు. దీనిని కేవల విలాసమనలేము. మోచేతులు మోపి వంగియున్నప్పుడును, మలుపులో పక్కపిడులు పట్టినప్పుడును, రెండు చోట్లనుండియు గేరు మార్చవచ్చును. అయితే ఈ రెండు శ్రేణులకు ముఖ్యభేదము కొన్ని వందల గ్రాముల బరువు, దానికి మించిన ధర!

చదునునేలపై 180 కిలోమీటర్లు తొక్కువానికి అసలు శత్రువు గాలి. వేగము రెట్టింపైనచో, గాలిని చీల్చుటకు క్షణక్షణము వెచ్చించు శక్తి ఎనిమిది రెట్లగును. ఆ గాలికి అడ్డునిలుచునది అధికముగా తొక్కువాని దేహమే. ఎదురుగాలి గేరుపై పేరు చదువదు గదా! రెండవ శ్రేణి గేర్లు కొని, మిగిలిన సొమ్ము కూర్చుండు తీరును సరిదిద్దించుకొనుటకు, మంచి టైర్లకు వెచ్చించుట మేలని మా అభిప్రాయము.

కొన్ని చట్రములకు ఆ కంపెనీవారి హ్యాండిల్ తప్ప మరొకటి ఇమడదు. దాని ఎత్తును, పొడవును ఎంతవరకు మార్చవచ్చునో సొమ్ము చెల్లించుటకు ముందే అడుగవలెను.