క్వాంటం గణనయంత్రము – మెట్టసీమ
(రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



మెట్టపొలములలో కంది, పెసర, వేరుశనగ పండించు రైతులకు తాతలనాటి నుండి తెలిసిన సంగతి యొకటి కలదు. కంది వేసి తీసిన చేను మరుసటి పంటకు బలము నిచ్చును. ఆ మొక్కల వేళ్లమీది బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు ఆహారముగా మార్చుచున్నవి. వాటికి కొలిమి లేదు. నేలలోని వేడిమియే చాలును. అదే నత్రజనితో ఎరువు చేయుటకు కర్మాగారములలో నాలుగైదు వందల డిగ్రీల వేడియు, గాలి ఒత్తిడికి నూరు రెట్లకు పైబడిన ఒత్తిడియు కావలసియున్నది. యూరియా బస్తాకొరకు వరుసలో నిలుచు రైతునకు ఈ తేడా విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

సూక్ష్మజీవి ఆ పని చేయుటకు ఆధారమైన ఎంజైములో ఇనుము, గంధకము, మాలిబ్డినము కూడిన చిన్న పరమాణువుల గుంపు కలదు. అందలి ఎలక్ట్రానుల నడవడిని నిశితముగా లెక్కగట్టుట సాధారణ కంప్యూటర్లకు మిక్కిలి కష్టము. ఎలక్ట్రానులు పెరిగినకొలది లెక్క రెట్టింపుల మీద రెట్టింపులుగా పెరుగును. ప్రకృతి క్వాంటం నియమముల ననుసరించుచుండగా, దానిని అనుకరించు యంత్రమును ఆ నియమములతోనే నడువవలెనని 1981లో రిచర్డ్ ఫైన్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు సూచించెను. నేటి క్వాంటం గణనయంత్ర పరిశోధనకు బీజములలో ముఖ్యమైనది ఇదియే.

సాధారణ కంప్యూటరులోని బిట్టు సున్నగానైనను, ఒకటిగానైనను ఉండును. క్యూబిట్టు ఆ రెండింటి కలయికగా ఉండగలదు; కాని కొలిచిన వెంటనే ఏదో యొకటిగా తేలును. కావున అన్ని సమాధానములను ఒక్కసారిగా చెప్పివేయు మాయాపెట్టెగా దీనిని వర్ణించుట సరికాదు. అనంతసాగరము చెరువులో రెండు రాళ్లు విసరినచో, అలలు కలిసిన చోట ఉబ్బుపై ఉబ్బు పడి అల పెరుగును. ఉబ్బుపై పల్లము పడి అల అణగును. ఆ విధముగనే తప్పు సమాధానములు అణగి, సరియైనది పైకి లేచునట్లు క్యూబిట్ల నడకను అమర్చవలెను. అట్టి అమరిక అన్ని లెక్కలకు కుదరదు. కుదిరినవానిలో ప్రసిద్ధమైనది, పెద్ద సంఖ్యలను కారణాంకములుగా విడదీయుటకు 1994లో పీటర్ షోర్ కనుగొన్న పద్ధతి. బ్యాంకు లావాదేవీలను కాపాడు రహస్యలిపి ఇట్టి లెక్కల కష్టము మీదనే ఆధారపడియున్నది. అందుచేతనే అమెరికా ప్రమాణముల సంస్థ 2024 ఆగస్టులో, క్వాంటం యంత్రములకును లొంగవని భావింపబడు మూడు కొత్త ప్రమాణములను వెలువరించినది.

అట్లైన ఆలస్యమెందుకు? క్యూబిట్టు కడు సుకుమారమైనది. అతివాహక వలయములతో చేసిన క్యూబిట్లను, సున్నకు దిగువ 273 డిగ్రీలకు చేరువగా, పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో నూరవవంతు లేక కొన్ని నూరవవంతుల దూరములో చల్లగా నుంచవలెను. రవంత వేడి, కొద్దిపాటి కదలిక తగిలినను లెక్క చెడును. ఒక్క సాక్షి తడబడినను పదిమంది సాక్ష్యముతో నిజము తేలునట్లు, అనేక క్యూబిట్లను జతపరచి నమ్మదగిన క్యూబిట్టు నొకదానిని నిర్మించుటయే దీనికి మందు. గుంపు పెద్దదైనకొలది తప్పులు తగ్గుటను గూగుల్ సంస్థవారు 105 క్యూబిట్ల విల్లో చిప్పుతో 2024 డిసెంబరులో చూపిరి. నేడు వాడుకలోనున్న పెద్ద రహస్యలిపిని ఛేదించుటకు 2 కోట్ల క్యూబిట్లు కావలెనని 2019లో వేసిన అంచనా, 2025 నాటికి 10 లక్షల లోపునకు దిగినది. వందల నుండి లక్షలకు పోవు దారి యింకను దీర్ఘమే.

భారత ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించినది. ఎనిమిదేండ్లలో 50 నుండి 1,000 క్యూబిట్ల యంత్రములను నిర్మించుట దాని లక్ష్యములలో నొకటి. బొంబాయి టాటా పరిశోధనాసంస్థలో నిర్మింపబడిన 6 క్యూబిట్ల యంత్రపు పరీక్ష 2024లో పూర్తియైనది. 2025లో బెంగుళూరు సంస్థ యొకటి 25 క్యూబిట్ల యంత్రమును ప్రకటించినది. అదే సంవత్సరము మే నెలలో, అమరావతి క్వాంటం వ్యాలీలో ఐబీఎం వారి 156 క్యూబిట్ల యంత్రమును స్థాపించుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, ఐబీఎం, టీసీఎస్ కలిసి నిర్ణయము ప్రకటించినవి.

ఇచట మెట్టసీమకు సంబంధించిన ప్రశ్న యున్నది. సోమశిల జలాశయము నిండినంత మాత్రమున ఉదయగిరి చేలు తడియవు; కాలువ రావలెను. అమరావతికి యంత్రము వచ్చినంత మాత్రమున ఈ పల్లెల పిల్లలకు విద్య రాదు. యంత్రమును కొని తెచ్చుట ఒకటి, దానిని తీర్చిదిద్దు శాస్త్రజ్ఞులను పెంచుట వేరొకటి. మొదటిది ధనముతో నగును. రెండవదానికి గణితము, భౌతికశాస్త్రము, ఓర్పు కావలెను. మాత్రికలు, సంభావ్యత చక్కగ నేర్చిన ఆత్మకూరు విద్యార్థిని ఈ శాస్త్రపు గడప తొక్కినదే యగును. దేశములోని ఐ.ఐ.టి.ల ఉపన్యాసములు నేడు ఎన్‌.పి.టి.ఇ.ఎల్‌. ద్వారా ఉచితముగ వినవచ్చును.

ఆ కాలువ తవ్వుట గ్రంథాలయముల పని. ఈ శాస్త్రమును తెలుగులో తేటగా చెప్పు పుస్తకములను తెప్పించుట, లేనిచో వ్రాయించుట, ఉపన్యాసములు వినుటకు ఒక బల్ల, ఒక యంత్రము ఏర్పరచుట పెద్ద వ్యయముతో కూడినవి కావు. కంది వేరులోని రహస్యము ఈ నేలలోనే యున్నది. దానిని విప్పు చేతులలో ఈ నేల బిడ్డల చేయియు నుండుగాక!